ఒత్తు మీట ఎక్కడుంది సార్?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల సెలవుల నోటీసు ఫోన్లో పిచ్చి గీతల్లా కనబడుతోందని చాలామంది అడిగారు. తప్పు మాదే. ఆఫీసులో దాన్ని అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంటుతో కొట్టారు. అందులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట ముసుగు తొలగి అసలు గుర్తులు బయటపడతాయి. కంప్యూటర్లలో ప్రతి భాష అక్షరానికీ ఒక సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత స్థానాలు దక్కాయి. ఇన్నేళ్ల తర్వాతైనా మేమూ అటు మారాం. ఇకపై నోటీసులన్నీ యూనికోడ్‌లోనే వస్తాయి.

ఇంట్లో విండోస్ కంప్యూటరుంటే కొత్తగా కొనాల్సిందేమీ లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి, భాషల జాబితాలో తెలుగు చేర్చండి. అక్కడ డిస్‌ప్లే లాంగ్వేజ్ అన్న గడిలో టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే మెనూలు కూడా తెలుగులోకి మారి ఇంట్లో గొడవవుతుంది! తర్వాత విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది.

అలా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే భారతీయ భాషలకు ఉమ్మడిగా చేసిన మీటల అమరిక. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. కె నొక్కితే క. హిందీకి మార్చినా అదే మీటలో అదే క, కన్నడలోనూ అంతే.

మొన్న ల్యాబ్‌లో ఏడో తరగతి పాప ‘పుస్తకం’ కొడుతూ ‘పుస’ దగ్గర ఆగిపోయింది. “ఒత్తు మీట ఎక్కడుంది సార్?” అంది. ఒత్తుకి వేరే మీట లేదు. స తర్వాత డి నొక్కితే పొల్లు పడి ‘స్’ అవుతుంది, ఆపైన త కొడితే అదే ఒత్తుగా కిందికి దిగుతుంది. మొత్తం వరస హెచ్, జి, ఎం, డి, ఎల్, కె, ఎక్స్. తెరమీద త కిందికి జారడం చూసి ఆ పాప మళ్లీ చెరిపి మళ్లీ కొట్టింది. సంయుక్తాక్షరం గురించి నేను బోర్డు మీద చెప్పిన పాఠం కన్నా అదే బాగా ఎక్కింది, ఒప్పుకోవాలి.

ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డూ ఉంది. పెద్దలకు అదే తేలిక, వాడుకోండి. పిల్లలకు మాత్రం ముందు ఇన్‌స్క్రిప్టే అలవాటు చేయండి. తెలుగు మాటను ఇంగ్లీషులో కూడబలుక్కోవాల్సిన పని వాళ్లకెందుకు?

వచ్చే సోమవారంలోగా మీ పిల్లల చేత నాలుగు వాక్యాలు తెలుగులో కొట్టించి బడి ఈమెయిల్‌కి పంపండి. తప్పులుంటే ఉండనివ్వండి, మీరు దిద్దొద్దు. కాగితం మీద రాసి ఫొటో తీసి మాత్రం పంపకండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు