పంచాంగం యాప్ సెట్టింగులు: బెంగళూరు సభ్యులకు

అందరికీ నమస్కారమండీ. ఫోన్‌లో పంచాంగం యాప్ ఉన్నవాళ్లు ముందుగా ఊరు బెంగళూరు అని ఉందో లేదో చూసుకోండి. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండో భాగం రాహుకాలం. గోడ క్యాలెండర్లో ఉండే ఏడున్నర–తొమ్మిది, పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి గుంకుతుందన్న లెక్క. జనవరి మూడో వారంలో ఇక్కడ సూర్యోదయం దాదాపు 6:45, కాబట్టి సోమవారం రాహుకాలం సుమారు 8:10కి మొదలై 9:40 లోపు ముగుస్తుంది.

మాసం పద్ధతి 'అమాంత' (అమావాస్యతో నెల ముగిసే లెక్క) ఎంచుకోండి. మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి అని కనిపిస్తే సరే. ఫాల్గుణం అని వస్తే అది ఉత్తరాది లెక్క, మార్చేయండి.

తద్దినాల విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. గూగుల్ క్యాలెండర్‌లో ఇంగ్లిషు తేదీకి 'ఏటా' అని పెడితే మరుసటి ఏడే తప్పుతుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే, తిథి పదకొండు రోజుల దాకా ముందే వచ్చేస్తుంది. మధ్యలో అధికమాసం పడితే ఆ ఏడు బాగా ఆలస్యమవుతుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే మాసం, పక్షం, తిథి చూసి ఆ ఏటి తేదీని విడిగా ఎక్కించండి. పది రోజుల ముందు ఒక అలారం, ముందురోజు ఒకటి.

ఇంకో ముఖ్యమైన సంగతి. యాప్‌లో పైన పెద్దక్షరాల్లో ఉండేది సాధారణంగా సూర్యోదయ తిథి. తద్దినానికి చూసేది అపరాహ్ణంలో ఉన్న తిథి, అంటే పగటిని ఐదు చేస్తే నాలుగో భాగం. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూడండి. రెండు రోజులూ అపరాహ్ణంలో ఆ తిథి తగిలితే స్క్రీన్‌షాట్ మీ పురోహితులుగారికి పంపి అడగండి. అమెరికాలో పెట్టే పిల్లలు వాళ్ల ఊరు ఎంచుకునే చూడాలి, ఇక్కడి తేదీ అక్కడ ఒక్కోసారి కుదరదు.