సున్నపు గోడకు సిమెంటు పూత వద్దు

సంపాదకులకు నమస్కారములు.

విజయనగరంలో చదువుకున్నవారు ఏ తరంవారైనా తమ గురువులను తలచుకుంటారు గాని, ఆ గురువులు పాఠం చెప్పిన గోడల ఊసు ఎత్తరు. పాత విద్యాలయ భవనాలకు మరమ్మతు పేరుతో చేస్తున్న ఒక పొరపాటును మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికీ తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఊళ్లో కోటే ఒక విద్యాప్రాంగణం. విజయ నామ సంవత్సరంలో, విజయదశమినాడు, జయవారంగా పిలిచే మంగళవారం పూట, విజయరామరాజు పేరిట 1713లో దీనికి పునాది పడిందని పెద్దలు చెప్పుకుంటారు. 1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాస్ ట్రస్టును నెలకొల్పి ఈ కోటను చదువులకు అప్పగించారు. దానికి ఎంతో ముందే, 1857లో పాఠశాలగా మొదలై 1879లో కళాశాలగా ఎదిగిన మహారాజా వారి విద్యాలయం ఇక్కడ ఉంది. గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తిగారు కలిసి చదువుకున్నది అక్కడే. తరువాత గురజాడ అదే కళాశాలలో పాఠాలు చెప్పారు. 1919లో వచ్చిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు కాగా, వారి తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పదవిలో కూర్చున్నారు.

ఈ సంవత్సరాలు చెప్పడానికి ఒక కారణం ఉంది. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914 ప్రాంతంలో, పోర్‌బందర్‌లో. అంతకు ముందు కట్టిన గోడలకు ఆధారం సున్నమే. సున్నాన్ని నానబెట్టి, ఇసుకో ఇటుకపొడో కలిపి, గానుగలో మెత్తగా నూరి, కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం కషాయం చేర్చి కట్టేవారు. ఆ డంగు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. పునాదిలోంచి పైకి పాకిన చెమ్మను గోడ ముఖం మీదుగా ఆరనిస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కుకున్న తేమ పూత లేనిచోటు వెతుక్కుంటూ పైకి ఎక్కి, అక్కడ ఆరుతూ ఉప్పును వదులుతుంది. ఆ ఉప్పు పలుకులు కట్టి ఇటుకను లోపలినుంచి పగలగొడుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. శ్రీకాకుళం దగ్గర మా తాతగారి మండువా ఇంట్లో, హుద్‌హుద్ తుపాను వెళ్లిన మరుసటి ఏడాది, తడిసిన గోడకు నేనే దగ్గరుండి నడుము ఎత్తున సిమెంటు పూయించాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి పూత చెక్కుచెదరలేదు గాని, దాని అంచుకు జానెడు పైన ఇటుకలు గోటితో గీరితే ఎర్రటి పిండిలా చేతిలోకి రాలాయి. దూలం తల ఆనిన చోట కర్ర మెత్తబడింది. ముసలి తాపీమేస్త్రీ ఒకాయన చూసి, "గోడకు ఊపిరాడకుండా చేశారు బాబూ" అన్నాడు. తప్పు నాదే కనుక మారు మాట్లాడలేదు.

రంగుల సంగతీ అంతే. 1885లో ఎనిమిది పలకలుగా, 68 అడుగుల ఎత్తున, ఇసుకరాతితో లేపిన మన గంటస్తంభం అసలు ఛాయ ఏదో రంగుల కింద నేటి పిల్లలకు కనబడదు. పండుగ పూట అందంగానే ఉంటుంది, కాదనను. అయితే తరగతి గది గోడకు నిగనిగలాడే ఎనామిల్ వేయడం మాత్రం సిమెంటుకు తమ్ముడి పని.

కాబట్టి పాత కళాశాలల మరమ్మతులు చేయించే యాజమాన్యాలకూ, ఇంజనీర్లకూ నా విన్నపం. ముందు కప్పు మీది తూములు శుభ్రం చేయించి, పిట్టగోడల మీద మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయించాలి. సగం చెమ్మ అక్కడే ఆగుతుంది. తరువాత ఒక మూల పాత గారను గీకి, అది సున్నమా సిమెంటా అని చూసి గాని పని మొదలుపెట్టకూడదు. టెండరు కాగితంలో సిమెంటు అన్నచోట సున్నం అని మార్చినంతమాత్రాన చాలదు. సున్నం వారాల తరబడి నానాలి, పూసిన పొర నిదానంగా ఆరాలి. ఆ రోజులను కూడా పని గడువులో కలిపి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం.