పుల్-అప్ రెసిస్టర్‌ను వదిలేస్తే ఐ2సీ అర్థం కాదు

సంపాదకులకు నమస్కారం.

చిప్‌ల మధ్య జరిగే ఐ2సీ సమాచార మార్పిడి గురించి మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం చదివాను. 1982లో ఫిలిప్స్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో ఎస్‌డీఏ తీగ మీద సమాచారం, ఎస్‌సీఎల్ తీగ మీద క్లాక్ (ఏ బిట్‌ను ఎప్పుడు చదవాలో చెప్పే సంకేతం) నడుస్తాయనీ, ప్రతి చిప్‌కూ 7 బిట్ల చిరునామా ఉంటుందనీ అందులో చక్కగా వివరించారు. అయితే ఆ రెండు తీగలనూ విద్యుత్ సరఫరాకు కలిపే పుల్-అప్ రెసిస్టర్ల ప్రస్తావన ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

సాధారణ వేగాల్లో పనిచేసే ఐ2సీ బస్‌లో, అంటే చిప్‌లన్నీ పంచుకునే ఆ రెండు తీగల జతలో, ఏ చిప్పూ తీగను పై వోల్టేజీకి నెట్టదు. 0 పంపవలసినప్పుడు తన లోపలి ట్రాన్సిస్టర్ ద్వారా తీగను గ్రౌండ్‌కు కలుపుతుంది. 1 పంపవలసినప్పుడు దాన్ని వదిలేస్తుంది, అప్పుడు రెసిస్టరే తీగను పైకి లాగుతుంది. అందుకే ఒకే తీగ మీద ఎన్ని చిప్‌లున్నా, ఒకటి పైకి నెడుతుండగా మరొకటి కిందికి లాగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉండదు. తక్కిన నియమాలన్నీ దీని నుంచే పుట్టాయి. 8 బిట్లు పంపిన చిప్ ఎస్‌డీఏను వదిలేశాక, 9వ క్లాక్‌లో అందుకున్న చిప్ దాన్ని కిందికి లాగితే బైట్ అందినట్టు. చిరునామా పంపాక ఎవరూ లాగకపోతే ఆ చిరునామాలో పలికేవారు లేనట్టు. సిద్ధంగా లేని చిప్ ఎస్‌సీఎల్‌ను కిందనే పట్టి ఉంచి, కంట్రోలర్‌ను (సంభాషణ మొదలుపెట్టి క్లాక్ నడిపే చిప్‌ను) కాసేపు ఆపగలదు.

అన్నిటికన్నా అందమైనది, రెండు కంట్రోలర్లు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు జరిగే తీర్పు. 1 కోసం తీగను వదిలిన కంట్రోలర్, తీగ మీద 0 కనిపించగానే మరొకరు పంపుతున్నారని గ్రహించి తప్పుకుంటుంది. రెండోదాని సందేశం ఒక్క బిట్ కూడా చెడకుండా సాగిపోతుంది. మధ్యవర్తిగా వేరే చిప్ అవసరం లేదు.

ఇక రెసిస్టర్ విలువ విషయం. తీగలకూ చిప్‌ల పిన్‌లకూ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే గుణం) ఉంటుంది కనుక వదిలిన తీగ వెంటనే పైకి చేరదు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటే వోల్టేజీ 30 శాతం నుంచి 70 శాతానికి ఎదగడానికి సుమారు 0.4 మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకు 100 కిలోబిట్ల వేగంలో 1 మైక్రోసెకను వరకు అనుమతి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. 400 కిలోబిట్ల వేగంలో పరిమితి 0.3 మైక్రోసెకన్లే కాబట్టి అదే రెసిస్టర్ పనికిరాదు. పోనీ విలువ బాగా తగ్గిద్దామంటే, చిప్ 3 మిల్లీ ఆంపియర్లు లాగుతూ తీగను 0.4 వోల్టులకు దించగలిగితే చాలన్నది ప్రమాణం; ఆ లెక్కన 5 వోల్టుల సరఫరాకు సుమారు 1.5 కిలో ఓమ్‌ల కంటే కిందికి పోకూడదు. మైక్రోకంట్రోలర్ల లోపలి పుల్-అప్‌లు సాధారణంగా పదుల కిలో ఓమ్‌లలో ఉంటాయి కనుక తీగ ఇంకా నెమ్మదిగా పైకి చేరుతుంది. వాటి మీదే ఆధారపడిన సర్క్యూట్ ఒక సెన్సర్‌తో, పొట్టి తీగతో పనిచేసి, రెండో సెన్సర్ తగిలించగానే కెపాసిటెన్స్ పెరిగి మొరాయిస్తుంది. నేర్చుకునేవారు తప్పు ప్రోగ్రామ్‌లో ఉందనుకొని రోజుల తరబడి వెతుకుతారు. వారి శ్రమ చూసే ఈ లేఖ రాస్తున్నాను.

మరొక విషయం: 7 బిట్లకు 128 చిరునామాలు వచ్చినా, 16 ప్రత్యేక అవసరాలకు కేటాయించినందున మామూలు చిప్‌లకు మిగిలేవి 112 మాత్రమే.

ఆ వ్యాసానికి అనుబంధంగా, రెండు రెసిస్టర్లనూ స్పష్టంగా చూపే సర్క్యూట్ బొమ్మను, విలువ ఎంచుకునే లెక్కతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు