మాకు ఇస్తామన్న 4,000 ఎప్పుడిస్తారు? మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్న మాకు నెలకు 2,016 రూపాయల పింఛను వస్తోంది. 2019లో పెంచినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. 2023 ఎన్నికల్లో చేయూత పింఛను పథకం కింద నెలకు 4,000 ఇస్తామని మీ పార్టీ మాటిచ్చింది. ఆ మాట నమ్మాం. అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాం. జవాబు లేదు.

మందు ఉచితంగానే ఇస్తున్నారు, కాదనను. కానీ మాత్ర వేసుకునే మనిషి కడుపు నిండా తినాలి కదా! గుడ్లు, పప్పు, పాలు తీసుకోమని కౌన్సెలర్ ప్రతిసారీ చెబుతారు. నెల మధ్యకు వచ్చేసరికి మా ఇంట్లో పచ్చడి మెతుకులే. దగ్గర్లో ఏఆర్‌టీ కేంద్రం ఉన్నా, ఊరివాళ్ల కంట పడతామన్న భయంతో పక్క జిల్లాకు వెళ్లేవాళ్లు మాలో ఉన్నారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం, అది మేలే. కూలి మాత్రం ఆ రోజుకు పోయినట్టే. ఎందుకు రాలేదని మేస్త్రీ అడిగితే అబద్ధం చెప్పాలి. నిజం చెబితే పనే ఉండదు.

కృష్ణా జిల్లాలో ఉన్న మా చిన్నమ్మ కూతురిదీ ఇదే జబ్బు, ఇదే మందు. ఆమెకు 2024 జులై నుంచి 4,000 అందుతోంది. మేమేం పాపం చేశాం?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ప్రజావాణిలో నా అర్జీని అక్కడి ఉద్యోగి జబ్బు పేరుతో సహా పైకి చదివారు. వరుసలో నా వెనక మా ఊరివాళ్లే ఉన్నారు. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ విషయం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. నా అర్జీ అలా పైకి చదివిన రోజు నుంచి మా ఇంటి గడప తొక్కేవాళ్లు తగ్గారు. మా అమ్మాయిని తోటి పిల్లలు ఆటకు పిలవడం లేదు. దానికి ఏమని చెప్పను?

మంత్రి గారూ, పింఛను పెంచండి. వెంటనే కుదరకపోతే ఏ నెల నుంచి ఇస్తారో అదైనా చెప్పండి. మా అర్జీలను నలుగురిలో కాకుండా విడిగా తీసుకోమని ఆదేశించండి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వమని ఆరోగ్యశాఖకు మీరైనా చెప్పండి. పింఛను మాత్రం పెంచండి, మీకు దండం పెడతాను.

ఇట్లు,
పేరు రాసుకోలేని ఒక పింఛనుదారు