డెక్ 2 క్యాసెట్లు, కొత్త రేట్లు, కలరా ఉండల సంగతి

కస్టమర్లకు నమస్కారం. ముందు మా తప్పు చెప్పేస్తాం, తర్వాత మిగతా విషయాలు.

జూన్ 10 నుంచి ఆగస్టు 3 దాకా మా దగ్గర క్యాసెట్లను ఫైళ్లుగా మార్పించుకున్నవారు ఒకసారి బిల్లు చూసుకోండి. దాని మీద "డెక్ 2" (క్యాసెట్లు నడిపే మా రెండో మెషిన్) అని ఉంటే మీకిచ్చిన ఫైలు సుమారు 2 శాతం స్పీడుగా నడుస్తోంది. మాటలు మాత్రమే ఉన్న క్యాసెట్లో ఇది తెలియదు. పాట, హరికథ, సన్నాయి ఉంటే మాత్రం శ్రుతి కొంచెం పైకి జరిగిందని పాడేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. హార్మోనియం మీద ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ తేడా దాదాపు 6 శాతం కాబట్టి, జరిగింది అందులో మూడో వంతు.

కారణం బెల్టు. పాతది సాగిపోతే కొత్తది వేశాం. పొడవు సరిపోయింది గానీ మందం 1.2 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1.4 వచ్చింది. 0.2 మిల్లీమీటర్లకు ఇంత తేడానా అనిపిస్తుంది. మోటారు పుల్లీ మా డెక్‌లో 8 మిల్లీమీటర్లే. బెల్టు మందమైన కొద్దీ అంత చిన్న పుల్లీ పెద్దదైనట్టే లెక్క. మోటారు తిరిగేది అంతే అయినా టేపు ముందుకు ఉరుకుతుంది. 30 నిమిషాల వైపు 35 సెకన్ల ముందే అయిపోతుంది. సరుకు అమ్మినవారిని అనడానికేమీ లేదు, బెల్టు మార్చాక స్పీడు సరిచూసే 3000 హెర్ట్జ్ టెస్ట్ టేపు వేసి చూడాల్సింది మేమే, చూడలేదు. చూసి ఉంటే మీటర్ మీద 3060 కనిపించేది. ఇప్పుడు బెల్టు మార్చినా, మోటారు ముట్టుకున్నా, ఆ టేపు వేయకుండా డెక్ కస్టమర్ క్యాసెట్‌కు వెళ్లదు.

ఇలాంటి స్పీడు తప్పు ఫైల్లోనే సరిదిద్దొచ్చు, క్యాసెట్ మళ్లీ తేనక్కర్లేదు. ఒరిజినల్ వేవ్ ఫైళ్లు మా దగ్గర 90 రోజులు ఉంటాయి. బిల్లు నంబరు చెబితే సరిచేసి ఉచితంగా పంపుతాం. అప్పటి హమ్‌ను చూసి మీరే సరిచేసుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. రికార్డింగ్‌లో పడ్డ కరెంటు గుంయ్‌మనే చప్పుడు 50 హెర్ట్జ్‌ దగ్గరుండాలి నిజమే, కానీ ఆ రోజుల్లో మన కరెంటు 50 దగ్గర నిలబడేదెప్పుడు?

మరో రకం తప్పుంది, దాన్ని ఫైల్లో బాగుచేయలేం: హెడ్ వాలు. హెడ్ అంటే టేపు మీది శబ్దాన్ని చదివే ముక్క, టేపు దానికి సరిగ్గా నిలువుగా తగలాలి. మీ ఇంట్లో టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె) హెడ్ కొంచెం వాలి ఉంటే, దానిలో రికార్డయిన క్యాసెట్ కూడా అదే వాలులో ఉంటుంది. వేరే మెషిన్లో వేస్తే స, శ, చ లాంటి అక్షరాలు మసకబారి, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. "టేపు పాతదైపోయింది" అని పక్కన పడేసేవాటిలో చాలావాటికి అసలు జబ్బు ఇదే. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. రెండు చానెళ్లనూ ఒకటిగా కలిపి వింటూ, ఆ స్క్రూను పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పితే, ఒకచోట గొంతు తేటగా బయటికొస్తుంది. అక్కడ ఆపాలి. వైపు మారితే మళ్లీ చూడాలి, క్యాసెట్ మారితే సరేసరి.

రేటు పెరగడానికి కారణం ఇదే. ఇప్పటిదాకా మాటల క్యాసెట్లకు ఈ పని చేయలేదు, పాటలకే చేశాం. అది సరైన పద్ధతి కాదు, పోయినవాళ్ల గొంతు ఉన్నది ఎక్కువగా మాటల క్యాసెట్లలోనే. సెప్టెంబరు నుంచి ప్రతి క్యాసెట్‌కూ, రెండు వైపులా చేస్తాం. సీ-60కి (రెండు వైపులా కలిపి 60 నిమిషాలది) 250 రూపాయలు ఉన్నది 320 అవుతుంది, సీ-90కి 400. గంట టేపు గంటసేపు నడవాల్సిందే, అందులో అడ్డదారి లేదు. సర్దడం, విడగొట్టడం కలిపితే రెండు డెక్కుల మీద రోజుకు ఎనిమిది దాటవు. ఫైళ్లు రెండు రకాలిస్తాం: దాచుకోవడానికి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్, గంటకు ఒక జీబీ పైచిలుకు. ఫోన్లో వినడానికి ఎంపీత్రీ, గంటకు 150 ఎంబీ లోపు.

సీ-120లు తీసుకుంటాం గానీ హామీ ఇవ్వం. సీ-60 టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-120ది దాదాపు అందులో సగం. అంత పల్చని టేపును రబ్బరు చక్రం ఏ మాత్రం బిరుసెక్కినా లోపలికి లాగేసుకుని మింగేస్తుంది. వాటికి రివైండ్ బటన్ వాడం, మొదటి నుంచి చివరి దాకా మామూలు స్పీడుతోనే నడిపిస్తాం.

పెళ్లి క్యాసెట్ల గురించి విడిగా చెప్పాలి. కరెంటును నమ్ముకోలేక చాలాచోట్ల టూ-ఇన్-వన్‌ను పెద్ద సెల్స్ మీద నడిపి రికార్డు చేశారు. సెల్స్ నీరసించేకొద్దీ మోటారు మెల్లబడుతుంది, మెల్లగా నడిచి రికార్డయినది సరైన స్పీడులో వేస్తే వేగంగా వినిపిస్తుంది. సుముహూర్తం దగ్గర గంభీరంగా ఉన్న పురోహితుడి గొంతు అప్పగింతల వేళకు పదేళ్ల పిల్లాడి గొంతయిపోతుంది. దీన్ని ఒకే అంకెతో సరిచేయడం కుదరదు, అయిదేసి నిమిషాల ముక్కలుగా చూసుకుంటూ వెళ్లాలి. అదృష్టం ఏమిటంటే పెళ్లిలో సన్నాయి వెనక శ్రుతి ఉంటుంది, అది మొదటి నుంచి చివరి దాకా మారదు. దాన్నే కొలబద్దగా పెట్టుకుంటాం. సన్నాయి పడని చోట చెవితో అంచనా వేయడమే. ఈ పనికి అదనంగా 200.

సినిమా పాటల క్యాసెట్లకు మాత్రం డబ్బు తగలేయకండి. అదే పాట ఫోన్లో ఇంతకంటే శుభ్రంగా వస్తుంది. పైగా కంపెనీ క్యాసెట్లకు కాపీలు తీసివ్వం, సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగ్ సెంటర్లో చీటీ రాసిచ్చి నింపించుకున్న క్యాసెట్ల సంగతి వేరు. వాటిలో విలువైనది పాట కాదు, లోపల అట్ట మీద ఉన్న చేతిరాత. అట్ట తెస్తే స్కాన్ చేసి ఊరికే ఇస్తాం.

తెచ్చే ముందు ఇంట్లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న బుల్లి ప్లాస్టిక్ రెక్కలు రెండూ విరిచేయండి. ఆ తర్వాత పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా చెరిగిపోదు. రెండోది, వెంటనే ప్లే చేసి చూడకండి. క్యాసెట్ మధ్యలోని చిన్న కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచుల మీద తెల్లగా బూడిదలా కనిపిస్తే అది బూజు. మన కోస్తా తేమలో, అటక మీద పెట్టెల్లో ఇది మామూలే. అలాంటిది మెషిన్లో వేస్తే హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. విడిగా కవర్లో పెట్టి, పైన "బూజు" అని రాసి తీసుకురండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలొద్దు, పెంకు వంకర పోతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఒక వారం ఉంచితే తేమ లాగేస్తుంది. బీరువాలో కలరా ఉండల పక్కన దాచినవాళ్లు వెంటనే వేరుచేయండి. క్యాసెట్ పెట్టెల్లో చాలావరకు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌వే, ఆ ఉండల ఆవిరికి అవి మెత్తబడి జిగురుగా అంటుకుపోతాయి.

టేపు తెగిందని, వదులైందని భయపడేవారికి: వదులైతే ఆరు పలకల పెన్సిల్ చక్రంలో దూర్చి గిరగిరా తిప్పే పాత పద్ధతి ఇప్పటికీ సరైనదే. తిరగకుండా పట్టేస్తే బలవంతం చేయొద్దు. క్యాసెట్‌ను అరచేతి మీద వెల్లకిలా రెండు మూడుసార్లు తట్టండి, లోపల అంచులు ఎగుడుదిగుడుగా ఉన్న చుట్ట సర్దుకుంటుంది. తెగినదాన్ని మామూలు సెల్లో టేపుతో అతికించొద్దు. దాని జిగురు కొన్నాళ్లకు కారి పక్క చుట్టలను అంటిస్తుంది, విడదీసేటప్పుడు పూత ఊడి వస్తుంది. పూత పోతే ఆ మాట పోయినట్టే. రెండు ముక్కలూ అలాగే తెస్తే స్ప్లైసింగ్ టేపుతో మేం అతికిస్తాం. స్క్రూలు లేని క్యాసెట్లను అంచు వెంట చీల్చి కొత్త పెంకులోకి మార్చాలి, దానికి 80 రూపాయలు.

టూ-ఇన్-వన్ రిపేర్లలో ఒక మార్పు. బెల్టులు, రబ్బరు చక్రం, మోటారు వరకే చూస్తాం. పళ్ల చక్రం పగిలినవి ఇక తీసుకోం, పాత మెషిన్లలోంచి పీకిన చక్రాలు కూడా ఆర్నెల్లకే పగులుతున్నాయి. లోపల బెల్టు కరిగి తారులా అంటుకుని ఉంటే కిరోసిన్‌తోనూ, థిన్నర్‌తోనూ తుడవకండి. ప్లాస్టిక్ పోతుంది. అలాగే తెచ్చేయండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మేం శుభ్రం చేస్తాం.

సెప్టెంబరు 20 లోపు వచ్చినవి దసరాకు ముందే ఇస్తాం. ఆ తర్వాతవి దీపావళికి. పార్సిల్ పంపేవారు టేపును పూర్తిగా ఒక వైపుకు చుట్టి, చక్రాలు తిరగకుండా రెండు కన్నాల్లోనూ మడిచిన కాగితం ముక్క దూర్చి పంపండి.