తాళం మేం వేసుకుంటాం, మీరు తాళం తీయించండి సార్

గౌరవనీయులైన పెద్దసారు గారికి,

తిరుపతి నుంచి ఒక టైలరు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

మీ పేరు, మీ ఆఫీసు పేరు ఇందులో రాయలేదు. భయపడి కాదు. మా ఫైలు కాస్త కదిలినప్పుడల్లా ఆ కుర్చీలో సారు మారిపోతున్నాడు. మీకు ముందు ఇద్దరు అట్లాగే బదిలీ అయ్యారు. మీరన్నా కొన్నాళ్ళు ఉండాలని నా ఆశ. శనివారం శనివారం మేం పాటలు పాడుకునే హాలుకు సేఫ్టీ అని తాళం వేసిన సంగతి, దాని మరమ్మతుల ఎస్టిమేటు సంగతి మీకు తెలిసినవే కాబట్టి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోను. పదకొండు అర్జీల్లో అదంతా రాశాను. ఇది పన్నెండోది. దీన్ని మీ టేబుల్ మీద పెట్టడం లేదు, నలుగురిలో పెడుతున్నాను.

తొమ్మిదో అర్జీకి మాత్రం జవాబు వచ్చింది. "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్. సంతోషం పట్టలేక చేతిలో ఉన్న జాకెట్టు మిషను మీదే వదిలేసి, షాపు షట్టరు సగం దించి పరిగెత్తాను. పోయి చూస్తే పాత తాళం అట్లాగే ఉంది. దాని కింద కొత్తగా ఇంకో తాళం. ఒక తాళం రెండు కావడాన్ని మీ దగ్గర పరిష్కారం అంటారని ఆ రోజే తెలిసింది. మా సంగీతంలో అయితే వేగం రెట్టింపు కావడాన్ని రెండో కాలం అంటాం.

మా గంగమ్మ జాతరలో బండవేషం కట్టినోడు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని ఎవర్ని ఎంత తిట్టినా ఈ ఊళ్ళో తప్పు లేదు, గంగమ్మ చల్లగా చూస్తుంది. జాతరకు ఇంకా చాలా నెలలు ఉంది. అందుకని ప్రస్తుతానికి మర్యాదగానే రాస్తున్నాను.

హాలు అంటే కుర్చీలు, వెల్వెట్ తెరలు అనుకోకండి సార్. మీరు కిందనుంచే చూశారు కాబట్టి పైన ఏముందో నేను చెప్పాలి. కింద రేషన్ షాపు, పక్కన పద్దెనిమిది ఇనప మెట్లు. ఏడో మెట్టు వదులు. తెలిసినవాళ్ళు దాన్ని దాటుకుని ఎక్కుతారు. కొత్తవాళ్ళు కాలు వేస్తే టంగుమని మోగుతుంది, కొత్త మనిషి వస్తున్నాడని లోపలివాళ్ళకు తెలిసిపోతుంది. పైన రేకుల కప్పు. గోడలకు కోడిగుడ్ల అట్టలు. హోటళ్ళ వెనక అడిగి తెచ్చి, మైదా ఉడకబెట్టి అంటించాం, శబ్దం బయటికి పోకుండా. ఎలుకలు ఆ మైదా కోసం అట్టలు కొరికేవి, మేం మళ్ళీ అంటించేవాళ్ళం. స్టేజీ అంటే మామిడికాయల పెట్టెల మీద పరిచిన పలకలు. డ్రమ్ములు వాయించే అన్న కాలితో తొక్కే కొద్దీ పెట్టెలు జరిగి జరిగి, పాట అయ్యేసరికి ఆయన జానెడు ముందుకు వచ్చేసేవాడు. నాలుగు పాటలకు ఒకసారి అందరం కలిసి ఆయన్ను డ్రమ్ములతో సహా వెనక్కి లాగాలి. లాగకపోతే ఎనిమిదో పాటకు జనం ఒళ్ళో పడతాడు. ఒకసారి పడ్డాడు కూడా.

ఫ్యాను వేస్తే మైకులో గుయ్యిమని మోత. అందుకని పాట మొదలైతే ఫ్యాన్లు ఆపేసేవాళ్ళం. మే నెలలో తిరుపతి, రేకుల కింద, ఫ్యాను లేకుండా అరవై మంది! ఎండకు తబలా తోలు బిగుసుకుని శృతి పైకి పోయేది, వానలో దిగజారేది. నేను సుత్తితో తట్టి సరిచేసేలోపల హార్మోనియం పెద్దాయన జనానికి ఒక జోకు చెప్పేవాడు. ఇరవై ఏళ్ళు అదే జోకు. జనం ఇరవై ఏళ్ళూ నవ్వారు. పెద్ద వాన వస్తే రేకుల మీద ఆ మోతకు ఆంప్లిఫయర్ కూడా చాలదు. అప్పుడు పాట ఆపేసి, ఎక్కడివాళ్ళం అక్కడే వాన వింటూ కూర్చునేవాళ్ళం. ఎవరూ లేచి పోయేవాళ్ళు కాదు. బయట వాన, ఎక్కడికి పోతారు?

శనివారం సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర. టికెట్టు లేదు. గుమ్మం దగ్గర ఒక డబ్బా, దాన్ని మేం చిన్న హుండీ అనేవాళ్ళం. కావలసిన పాట చీటీ మీద రాసి రెండు రూపాయలతో కలిపి వేయాలి. వచ్చేవాళ్ళు ఎవరనుకున్నారు? లాడ్జీల్లో రూములు ఊడ్చే పిల్లలు, హోటల్ సర్వర్లు, ఆటోవాళ్ళు, పూలు కట్టే ఆడవాళ్ళు. కల్యాణకట్టలో డ్యూటీ దిగి కొండ మీదనుంచి నేరుగా వచ్చే ఒకాయన ఘంటసాల పాటలు తప్ప ఇంకేవీ పాడడు. పగలంతా వంగి వంగి గుండ్లు చేసిన నడుము కదా, మైకు ముందు నిలబడ్డాక ముందు ఒళ్ళు విరుచుకునేవాడు, ఆ తర్వాతే రాగం. రైలు తప్పిపోయిన తమిళ యాత్రికులు పాట విని మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఇళయరాజా బాణీ అయితే గొడవే లేదు. మేం స్టేజీ మీద తెలుగులో, వాళ్ళు కింద తమిళంలో ఒకే పాట.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పీయూసీ చదివింది మా తిరుపతిలోనే. ఆయన కూడా ట్రూపు కట్టి ఊళ్ళు తిరిగి కచేరీలు చేసినాయనే. ఆ ట్రూపులో హార్మోనియం, గిటారు వాయించినాయన ఇళయరాజా. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయిన రోజు రాత్రి, కరోనా భయంలో హాలు తీయకుండా ఆ ఇనప మెట్ల మీదే కూర్చున్నాం, మెట్టు విడిచి మెట్టు. మాస్కులు పెట్టుకుని పాడితే ఎట్లుంటుందో మీకు తెలియకపోవచ్చు. సగం మాట మూతిలోనే ఉండిపోతుంది. మిగతా సగం ఏడుపు వచ్చి ఆగిపోయింది. ఏడో మెట్టు మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.

ఆ మరుసటి సంవత్సరం నవంబరు వానలు. మీరు అప్పుడు ఇక్కడ లేకపోయినా టీవీలో చూసే ఉంటారు, నడకదారి మెట్ల మీద వరద ఎట్లా దూకిందో. మా హాలుకు రెండు రేకులు లేచిపోయాయి, అంతే. గోడ పడలేదు, మెట్టు విరగలేదు. సేఫ్టీ అని తాళం వేశారు. వేసినతను మంచివాడే. "వారం రోజులే సామీ, సామాన్లు యాడికీ మోయబాకండి, లోపలే ఉండనీ" అన్నాడు. నమ్మాం. రెండు బాక్సులు, ఆంప్లిఫయర్, కాంగోలు, నా తబలా జత, నలభై కుర్చీలు, పెద్దాయన హార్మోనియం లోపలే ఉండిపోయాయి. ఆ వారం ఇంకా అయిపోలేదు. ఇప్పుడు కిటికీ సందులోంచి చూస్తే విరిగిన బల్లలు, పాత ఫ్లెక్సీలు కనిపిస్తాయి. మరమ్మతుల కోసం మూసిన గది గోడౌను అయింది. మనుషుల మీద పడుతుందన్న కప్పు ఫ్లెక్సీల మీద పడదా సార్?

అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దారి చూపించారు. "మహతి ఆడిటోరియం ఉంది కదా" అన్నారొకరు. ఉంది. త్యాగరాజ మండపం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది, సంగీత కళాశాల ఉంది. వీటికి దండం పెట్టే మనిషిని నేను, ముందు వరసలో కూర్చుని కీర్తనలు వింటాను. అక్కడ బాగా వచ్చినవాళ్ళు పాడతారు. మా దగ్గర రానివాళ్ళు పాడేవాళ్ళు. లాడ్జీ కుర్రాడు చరణం మరిచిపోతే జనమే అందించేవాళ్ళు, వచ్చే శనివారం వాడే మళ్ళీ అదే పాటకు చీటీ వేసేవాడు. మూడు నెలలకు వాడికి పెళ్ళి రిసెప్షన్లో పాడే అవకాశం వచ్చేది, రాత్రికి ఐదు వందలు. ఆ మూడు నెలలు వాడు ఎక్కడ పాడాలి? మహతిలో తప్పు పాడమంటారా?

ఇంకొకరు "పింఛనుకు పెట్టుకో" అన్నారు. డప్పు కళాకారులకు నెలకు 4,000 ఇస్తున్నారు, సంతోషం, వాళ్ళకు ఇంకా ఎక్కువ ఇచ్చినా తక్కువే. నాకు కుట్టు మిషను ఉంది. నేను అడిగింది డబ్బు కాదని ఎన్నిసార్లు రాసినా పైన "ఆర్థిక సహాయం కొరకు" అని రాసి కింది సెక్షనుకు పంపిస్తున్నారు.

మీకు ముందున్న సారు ధ్వని కాలుష్యం అన్నాడు. ఆ 2000 నాటి నియమాలు నేను మనవడి చేత చదివించుకున్నాను. లౌడ్‌స్పీకర్లు కూడదన్నది రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా. మూసిన హాళ్ళలో, ఆ శబ్దం లోపలికే పరిమితమైతే రాత్రి కూడా మినహాయింపు ఉంది. మేం తొమ్మిదిన్నరకే ముగించేవాళ్ళం, సర్వర్ పిల్లలకు రాత్రి టిఫిన్ రద్దీ ఉంటుందని. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ అట. ఊరేగింపుల్లో డీజే బాక్సులు పోతుంటే మా షాపు అద్దాలు, నా పళ్ళు కలిసి వణుకుతాయి. వాటికి లేని మీటరు మా కోడిగుడ్ల అట్టలకు పెడతారా?

ఇక మీ సంగతి. మీరు స్వయంగా వచ్చారు, అందుకు కృతజ్ఞతలు. వచ్చిన పెద్దసారు మీరొక్కరే. తాళంచెవి తెచ్చే మనిషి రాలేదు కాబట్టి రేషన్ షాపు ముందే నిలబడ్డారు. "కాలేజీలో నేనూ పాడేవాణ్ణండీ" అన్నారు. పాడమన్నాం, ఒక పల్లవి పాడారు. గొంతు బాగుంది, అబద్ధం చెప్పను. తప్పుగా అనుకోకండి, రెండు చోట్ల తాళం తప్పారు. నేను అడిగి తెచ్చిన డోలక్కు మీద సర్దుకున్నాను, మీకు తెలియకుండా. పాడేవాళ్ళు తప్పితే వాయించేవాడు సర్దుకోవాలి, మా పని అదే. పాట అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి "నెలలోపల తెరిపిస్తాను" అన్నారు. ఫొటో కూడా దిగాం. ఆ నెల ఏ తాళంలో నెలో నాకు లెక్క అందడం లేదు. సమం, అంటే తాళం తిరిగి మొదలయ్యే దెబ్బ, ఎక్కడ పడుతుందో చెబితే అక్కడికి వచ్చి నిలబడతాను.

హార్మోనియం పెద్దాయన పోయాడు సార్. మీరు వచ్చి పోయిన తర్వాతే. ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని రేషన్ షాపు అరుగు మీద కూర్చుని, మీ పాటకు తల ఊపినాయన. ఆస్పత్రిలో నన్ను చూసిన ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు, "తిత్తి ఎలుకలు కొట్టేసినాయేమోరా?" ఆ హార్మోనియం ఆయన తండ్రిది. నేను ప్రతిసారీ "లేదు నాయనా, కిటికీలోంచి చూసినా, బాగుండాది" అని చెప్పాను. కిటికీలోంచి హార్మోనియం కనపడదు. దాని ముందు ఫ్లెక్సీలు ఉన్నాయి.

పెద్దకర్మ రోజు ఆ పెట్టె పటం పక్కన పెట్టుకుంటామని పెద్దాయన ఇంట్లో అమ్మ అడిగితే మీ ఆఫీసుకు పోయాను. పదో అర్జీ అదే. గంటసేపు తలుపు తీస్తే చాలు, హార్మోనియం తీసుకుని మళ్ళీ మీరే తాళం వేసుకోండి అన్నాను. సామాన్ల జాబితా రాయాలి, ఇద్దరు సాక్షులు కావాలి, హార్మోనియం ఆయనదే అని బిల్లు కావాలి అన్నారు. ఆయన తండ్రి కొన్న పెట్టెకు బిల్లు! నేను సంతకం పెడతానంటే "నువ్వెవరు?" అన్నారు. చివరికి పటం పక్కన ఆయన కళ్ళజోడు పెట్టారు.

అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు కూడా కొండ మీద ఒక చిన్న గదిలోనే దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఉన్నాయి, 1922లో బయటపడ్డాయి. రాగి కాబట్టి నిలిచాయి. మాది తోలు, చెక్క, గుడ్డ. అన్నేళ్ళు ఆగలేవు.

సార్, కొత్త హాలు వద్దు. ఏసీ వద్దు, శిలాఫలకం వద్దు. కావాలంటే మీ పేరుతో ఒక శిలాఫలకం మేమే చేయిస్తాం, చందాలు వేసుకుని. ఆ రెండు రేకులు కూడా మేమే వేయించుకుంటాం. డ్రమ్ములన్న బావమరిది వెల్డరు, కూలి కూడా వద్దన్నాడు. మీరు తాళం తీయించండి. అంతకుముందు ఆ ఫ్లెక్సీలు తీయించండి. అదీ కుదరకపోతే హార్మోనియం ఒక్కటన్నా తీయనివ్వండి. కాదు, తాళమే తీయించండి సార్, ఒకటి అడిగి ఇంకొకదానికి దిగడం నాకు ఇష్టం లేదు.

ఏ శనివారమైనా సాయంత్రం ఆరు తర్వాత రండి, ఆలోపల షాపు ఉంటుంది. తాళంచెవి మీ చేతిలోనే తెచ్చుకోండి, మనిషితో పంపిస్తే రావడం లేదు. ఎక్కేటప్పుడు ఏడో మెట్టు చూసుకోండి.

ఇట్లు,
పగలు మిషను, రాత్రి తబలా వాయించే ఒక టైలరు,
తిరుపతి

తా.క.: ఆ రోజు మీరు పాడిన పాటకు చరణాలు రెండూ రాసి పెట్టాను. పల్లవి దగ్గరే ఆపేశారు కదా, మరిచిపోయారేమోనని.