కాలకపోతే చాలదు, మంటలో నిలబడాలి

సంపాదకులకు నమస్కారం.

అగ్నిప్రమాద వార్తల్లో షార్ట్ సర్క్యూట్ అనుమానం, వచ్చిన ఫైరింజన్ల సంఖ్య, ఆస్తి నష్టం తప్పకుండా ఉంటాయి. ఆ భవనం దేనితో కట్టారో, మంటలో ఏ భాగం ముందు దెబ్బతిందో మాత్రం కనిపించదు. పైగా చివర్లో 'ఇనుప షెడ్డు కావడంతో ముప్పు తప్పింది' అనో, 'కాంక్రీటు భవనం కాబట్టి ఏమీ కాలేదు' అనో ఒక వాక్యం పడుతుంది. జనం దాన్ని నమ్ముతారు. ఒక వస్తువు కాలకపోవడం వేరు, చుట్టూ మంట ఉన్నప్పుడు బరువు మోస్తూ నిలబడటం వేరు.

ఉక్కు సంగతే చూడండి. అది కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మామూలుగా గదిలో రేగే మంట అంతదాకా పోదు. కానీ కూలడానికి కరగనక్కర్లేదు. 400 డిగ్రీల వరకు ఉక్కు బలం పెద్దగా తగ్గదు, 550–600 డిగ్రీలకు చేరేసరికి సుమారు సగం పోతుంది. నిర్మాణ భాగాల పరీక్షలకు వాడే ఐఎస్ఓ 834 ప్రామాణిక మంటలో కొలిమి వేడి 5 నిమిషాలకే 576 డిగ్రీలు, అరగంటకు 842 డిగ్రీలు. షెడ్డు కప్పులకు వాడే పలచటి యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఉక్కు పట్టీలు), గొట్టాలకు ఏ రక్షణా లేకపోతే అవి కూడా మంటతో పాటే వేడెక్కి, చాలాసార్లు పావుగంట, ఇరవై నిమిషాల్లోనే వంగిపోతాయి.

దీనికి తోడు సాగడం ఒకటి. 10 మీటర్ల గర్డర్ 500 డిగ్రీలు వేడెక్కితే 60 మిల్లీమీటర్లకు పైగా పొడవు పెరుగుతుంది. దాని రెండు కొనలూ ఇటుక గోడల్లో బిగించి ఉంటే ఆ గోడల్ని బయటికి నెడుతుంది. లోపల మంటను చూస్తూ గోడ పక్కన నిలబడిన వారి మీదే గోడ పడటానికి ఒక కారణం ఇదే. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలన్నది అగ్నిమాపక సిబ్బంది పాటించే లెక్క. గుమిగూడే జనానికి కూడా అదే వర్తిస్తుంది.

ఉక్కును కాపాడటానికి కాంక్రీటు తొడుగు, జిప్సం బోర్డు, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజం కలిపిన ప్లాస్టరు, వేడికి ఉబ్బే పెయింటు వాడతారు. జిప్సంలో బరువులో అయిదో వంతు నీరే; అది ఆవిరై పోయేదాకా వెనకున్న ఉక్కు పెద్దగా వేడెక్కదు. ఉబ్బే పెయింటు విషయంలో తప్పులు ఎక్కువ జరుగుతాయి. ఉక్కు భాగం ఎంత పలచనైతే పూత అంత మందంగా ఉండాలి, కానీ అన్నిటికీ ఒకే మందం కొట్టేస్తారు. తర్వాత అందం కోసం మామూలు ఎనామిల్ పొరలు వేసి ఉబ్బడానికి అడ్డుపడతారు. బ్రాకెట్ వెల్డింగ్ కోసం పూత గీకేస్తారు, మళ్లీ వేయరు.

కలప గురించి ఉన్న భయం సన్న చెక్కలకు సరిపోతుంది, లావు దూలానికి కాదు. కలప నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది, ఆ బొగ్గు పొరే లోపలి కలపను వేడి నుంచి కాపాడుతుంది. అరగంటకు ఒక్కో వైపు 20 మిల్లీమీటర్లు పోతాయనుకుంటే 200 మిల్లీమీటర్ల దూలంలో 160 మిగులుతుంది. 50 మిల్లీమీటర్ల చెక్కలో మిగిలేది 10, అదీ వేడికి బలహీనపడినదే.

కాంక్రీటుకు ప్రాణం కవర్‌లో, అంటే లోపలి ఉక్కు కడ్డీలను కప్పి ఉంచే కాంక్రీటు మందంలో ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం రెండు చివర్లా ఆనిన స్లాబు గంటసేపు మంటకు ఆగాలంటే కడ్డీల కింద 20 మిల్లీమీటర్ల కవర్, రెండు గంటలకు 35 మిల్లీమీటర్లు కావాలి. పోత పోసేటప్పుడు కవర్ బ్లాకులు పెట్టకపోయినా, అల్లిన కడ్డీలను తొక్కి వంచినా కడ్డీలు సెంట్రింగ్‌కు ఆనుకుంటాయి. ఆ స్లాబు పేరుకే కాంక్రీటు, మంటకు దాదాపు ఉత్త ఇనుమే. తడి ఆరని కాంక్రీటు, బాగా చిక్కటి హైస్ట్రెంగ్త్ కాంక్రీటు వేరే విధంగా దెబ్బతింటాయి: లోపలి ఆవిరి బయటికి పోలేక పెళ్లలు పేలి ఊడతాయి, కడ్డీలు బయటపడతాయి. ఘనపు మీటరుకు 2 కిలోల పాలీప్రొపిలీన్ పీచు కలిపితే అది మంటలో కరిగి ఆవిరికి దారి ఇస్తుంది.

ఇటుక బట్టీలో కాలి వచ్చినదే కాబట్టి బాగా నిలుస్తుంది. గ్రానైట్ అలా కాదు, అందులోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి రాయి పగులుతుంది. రాతి పలకలతో వేలాడగట్టిన మెట్లను మంట తర్వాత నమ్మకూడదు.

చట్రం నిలబడినా మనుషులు దక్కకపోవచ్చు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలినప్పుడు దాని కాంక్రీటు చట్రం కూలలేదు, 72 మంది చనిపోయారు. బయట బిగించిన అల్యూమినియం షీట్ల మధ్యలో పాలీఇథిలీన్ ఉంది, వెనక ఖాళీ పొగగొట్టంలా పనిచేసింది. ఇలాంటి అల్యూమినియం పొరల షీట్‌ను (ఏసీపీ) కొనేవారు ముక్క కోసి మధ్య పొర చూడాలి, ఖనిజ పదార్థం నింపిన షీటుకు పరీక్ష పత్రం అడగాలి, ప్రతి అంతస్తు దగ్గరా వెనక ఖాళీని కాలని రాతి పీచుతో (రాక్‌వూల్) మూయించాలి. పైపుల డక్టులదీ అదే కథ. స్లాబు గుండా పోయే పీవీసీ పైపు కరిగితే పై అంతస్తుకు రంధ్రం తెరుచుకుంటుంది. మామూలు ఫోమ్ కొట్టి మూస్తే ఆ ఫోమే అంటుకుంటుంది. అక్కడ కావలసింది వేడికి ఉబ్బి పైపును నొక్కి మూసే కాలర్.

ఇక మంట ఆరాక. సాగి వంగిన ఉక్కు బీములు చల్లారుతూ కుంచించుకుంటాయి, అప్పుడు బోల్టులు తెగవచ్చు. అందుకే ఆర్పిన వెంటనే లోపలికి పోకూడదు. కాంక్రీటు మీద మసి గీకి రంగు చూడాలి. సుమారు 300 డిగ్రీలు దాటిన చోట చాలా రకాల కంకరతో గులాబీ ఛాయ వస్తుంది, 600 దాటితే తెల్లటి బూడిద రంగు. ఉలితో చెక్కి ఆ గులాబీ రంగు ఎంత లోతుకు పోయిందో, కడ్డీని చేరిందో లేదో కొలవాలి. కంకరను బట్టి రంగు రాకపోవచ్చు కూడా, కాబట్టి సుత్తితో తట్టి డొల్ల శబ్దం వినాలి, డ్రిల్లింగ్‌తో గుండ్రటి ముక్క (కోర్) తీసి పరీక్షించాలి. లోపల ఉక్కు తీగలను లాగి బిగించిన ప్రీస్ట్రెస్డ్ స్లాబు అయితే ఇంకా జాగ్రత్త, ఆ తీగలు 400 డిగ్రీల దగ్గరే సగం బలం కోల్పోతాయి.

మీ విలేకరులకు ఒక విన్నపం. 'భవనానికి ముప్పు లేదు' అని ఎవరైనా చెబితే, ఏ పరీక్ష చేసి చెబుతున్నారో అడగండి. ఆ జవాబును కూడా వార్తలో వేయండి.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు